మేస్త్రి ఇంట్లో ఆరు సంసారాలు

"...మొఖం జూస్తే తెల్వదా అత్తా, వచ్చినోడు సర్వేకొచ్చిండా, సందులల్ల తిరిగే గిరాకా?"

"మొఖం జూడొద్దనే గదనే మాకు నేర్పింది! జూస్తే నిలవడ్డట్టు. నిలవడితే రమ్మన్నట్టు."

"మెడల టేపు ఏలాడుతుండె. చేతుల కాయితాలుండె. గిరాకి టేపు దెచ్చుకుంటడా?"

"ఏమో, వాని సోకు వానిది. ఏం కొలుసుకుంటడో నాకేమెర్క?"

నల్లా దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. మంగళ నవ్వలేదు. అత్త ముత్తమ్మ బిందె నిండి నీళ్ళు గ్యాలరీ అంతా పారుతున్నా ఆ ఇద్దరిలో ఎవరూ నల్లా కట్టలేదు. గ్యాలరీ చివర మొదటి గది గుమ్మంలో మల్లవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు. మొహం చూడొద్దని ముత్తమ్మకు నేర్పింది తానే.

బొంబాయి కామాటిపుర పన్నెండో గల్లీలో ఆ చాల్, వరస గదుల పాత ఇల్లు, కింది అంతస్తు పైన మరో మూడంతస్తులది. గ్యాలరీల కింద సర్కారు ఇళ్ళ బోర్డువాళ్ళు ఎప్పుడో పెట్టిన ఊత మొద్దులున్నాయి. పిల్లలు వాటి చుట్టూ తిరిగి ఆడుకుంటారు. ఆ పొద్దున మెట్ల దగ్గర గోడకు మరాఠీలో ఒక కాగితం అంటించారు. మంగళ మునిసిపాలిటీ బళ్ళో మరాఠీ చదువుకున్న మనిషి. నిలబడి పైకి చదివింది. చాల్ బాగుచేసే స్థితి దాటిపోయింది, కనుక సర్కారు దీన్ని ఇంటి మాలిక్ దగ్గర్నుంచి తీసుకుంటుంది. ఉన్నవాళ్ళను ఊరవతల క్యాంపుకు పంపి, దీన్ని కూల్చి, ఇదే జాగాలో బోర్డు కొత్తది కడుతుంది. కింద పేర్లున్న ప్రతి సంసారానికీ క్యాంపులో ఒక గది, తర్వాత కొత్త ఇంట్లో ఒక గది. అభ్యంతరాలుంటే నెలలోగా ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలి.

కింది అంతస్తులో గదికొక పేరుంది. మొదటి అంతస్తులోనూ, రెండో అంతస్తులోనూ అంతే. మూడో అంతస్తుకు మాత్రం ఒకే పేరు. బక్కయ్య, కుటుంబం.

బక్కయ్య చచ్చిపోయి చాలాకాలమైంది. ఆ అంతస్తులో ఆరు గదులున్నాయి, ఆరు సంసారాలున్నాయి.

మల్లవ్వది కామారెడ్డి దగ్గరి పల్లె. బక్కయ్య ఆమెను పెళ్ళి చేసుకుని బొంబాయికి తెచ్చేటప్పటికే మేస్త్రి. కాంక్రీటు పనికి ఊరినుంచి మనుషుల్ని తెచ్చేవాడు. మాలిక్‌కు కిరాయి విషయంలో మాట్లాడటానికి ఒక్క మనిషి ఉంటే చాలు. బక్కయ్యకు తన ముఠా అంతా ఒకచోట ఉంటే చాలు. అలా మూడో అంతస్తు మొత్తం ఒక్క పేరున రాసుకున్నారు. ఊరినుంచి కొత్తగా దిగిన సంసారం మొదటి పూట మేస్త్రి పొయ్యి మీదే తినేది. వంటపాత్రలు కొనుక్కునేదాకా మల్లవ్వ గిన్నెలే వాడుకునేది. పగలంతా మల్లవ్వ వాళ్ళతోపాటు తట్ట మోసేది. సాయంత్రం ఆరు గదులకూ ఆమె మేస్త్రమ్మ.

ఆ గల్లీలో సంసారాలవాళ్ళకు ఒక బాధ ఉంది. పక్క సందుల్లోని సానికొంపలకు వచ్చే మగవాళ్ళు కొందరు దారితప్పి, కొందరు తప్పినట్టు నటించి, చాల్ మెట్లెక్కుతారు. తలుపుల మీద 'ఇది సంసారుల ఇల్లు' అని రాసిపెట్టినా ఎక్కుతారు. మల్లవ్వ కాపురానికి వచ్చిన ఏడాది అలా ఒకడు ఎక్కి, ఈ గది ఎవరిది, ఆ గది ఎవరిది, అందులో ఎందరు ఆడవాళ్ళు అని అడిగాడు. మల్లవ్వ తునికాకు నానబెట్టిన కుండ ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది. తర్వాత ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఎవడన్న మెట్లెక్కొచ్చి ఏమడిగినా ఒక్కటే మాట చెప్పాలె. ఇదంత మేస్త్రి ఇల్లు, ఒక్కటే సంసారం, ఒక్కటే పొయ్యి. ఇంట్ల పదిమంది మొగోళ్ళున్నరు. అంతే. మొఖం జూడొద్దు, రెండో మాట చెప్పొద్దు."

ఆ మాటతో వాళ్ళు ఇన్నేళ్ళూ నెగ్గుకొచ్చారు. పెళ్ళయి వచ్చిన ప్రతి కోడలికీ మొదటి వారంలోనే అది నేర్పేవారు. టేపు మెడలో వేసుకుని ఒక మధ్యాహ్నం పైకొచ్చిన మనిషికి ముత్తమ్మ ఆ మాటే చెప్పింది. అతను మళ్ళీ అడిగాడు. ముత్తమ్మ మళ్ళీ అదే చెప్పి తలుపేసుకుంది. అతను విన్నది రాసుకుని దిగిపోయాడు.

సిమెంటు దుమ్ము బక్కయ్య ఊపిరితిత్తుల్లో చేరి ఆయన్ని తీసుకుపోయింది. పెద్దకర్మ కాగానే మాలిక్ తరఫున కిరాయి వసూలు చేసే మెహతా పైకొచ్చాడు. మేస్త్రి పోయాడు గనుక ఐదు గదులు ఖాళీ చేయాలన్నాడు. మల్లవ్వ గుమ్మంలోంచి లేవలేదు.

"మేస్త్రి వొయ్యిండు. ముఠా పోలె," అంది.

మెహతా రెండోసారి వచ్చినప్పుడు స్వరం తగ్గించాడు. తలా కొంత పగిడీ, అంటే గది హక్కు కోసం ముందుగా ఇచ్చే సొమ్ము, కడితే ఆరు గదులకూ ఆరు పేర్లు వేరువేరుగా రాసిస్తానన్నాడు. మల్లవ్వ దానికీ ఒప్పుకోలేదు. మేస్త్రి ఒక్కటిగా కట్టిన ఇంటిని పైసలిచ్చి పగలగొట్టుకుంటామా అంది. ఆరు గదులవాళ్ళూ ఆమె వెనక నిలబడ్డారు. మెహతా తిట్టుకుంటూ దిగిపోయాడు. ఆ రోజు గ్యాలరీలో పండగలా ఉంది. అప్పటికి మంగళ పావడా కట్టుకుని తిరిగే పిల్ల. రెండో అంతస్తులో వాళ్ళ అమ్మ దగ్గర ఉండేది.

ఆ తర్వాత కిరాయి పని మల్లవ్వదే అయింది. నెల మొదట్లో ఐదు గదులవాళ్ళూ తెచ్చి ఆమె చేతిలో పెట్టేవారు. కొంగున ముడేసుకుని వెళ్ళి మెహతాకు కట్టేది. ఎవరికి తక్కువపడినా బీడీల కూలి కలిపేది. ఒకసారి బాలయ్య అనేవాడు తాగి, మేస్త్రమ్మ మన కిరాయి తింటోందని గ్యాలరీలో అరిచాడు. మరునాడు మల్లవ్వ ఆరు గదుల కిరాయీ బాలయ్య చేతికిచ్చి పంపింది. తర్వాతి నెలా అంతే. ఏడాదిపాటు ఆమె మెహతా గడప తొక్కలేదు. బాలయ్య మెహతా తిట్లు పడలేక చివరకు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, నీ పని నువ్వే చేసుకో తల్లీ అన్నాడు. మల్లవ్వ ఆరు గదులవాళ్ళనూ పిలిచి, వాళ్ళ ముందు బాలయ్య చేత ఒకే మాట చెప్పించింది. మేస్త్రమ్మ తినలేదు. అప్పుడే మళ్ళీ కిరాయి తీసుకోవడానికి కొంగు చాచింది.

ఇవన్నీ మంగళకు తెలుసు. తెలుసు గనకే ఆమెకు కోపం.

నల్లా కట్టేసి మంగళ తడి చేతులతోనే గ్యాలరీ చివరకు వచ్చింది. ఆమె నాగ్‌పాడాలో రెక్సిన్ సంచులు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. పిల్లలతో మరాఠీ మాట్లాడుతుంది. మల్లవ్వతో మాత్రం తెలుగే.

"మేస్త్రమ్మా, మా అత్తనని ఏం లాభం? నువ్వు నేర్పిన మాటనే చెప్పింది."

"అవును. నేనే నేర్పిన."

"మెహతా ఆరు పేర్లు రాస్తనంటె వద్దన్నది గూడ నువ్వే."

"నేనే."

"నేనీడనే పుట్టిన. నా పిల్లలీడనే పుట్టిండ్రు. ఇంకెన్నాళ్ళు మేం నీ ఇంట్ల సుట్టాలం?"

మల్లవ్వ బీడీకి దారం చుట్టి, కొన నొక్కి, చాటలో పడేసింది. "సుట్టాల లెక్క జూసిన్నా మిమ్మల్ని? చెప్పు. ఎవరికన్న ఏమన్న తక్కువ జేసిన్నా?"

"చెయ్యలే. అదే నా కోపం. చెడ్డగ జూసుంటే ఎప్పుడో కొట్లాడి మా పేరు మేం రాయించుకుందుము."

ముత్తమ్మ పరుగున వచ్చి కోడలి భుజం పట్టుకుంది. "నోరు ముయ్యి! అక్క లేకుంటే మీ మామ ఈడ కాలు వెట్టునా?"

"మామ కాలు వెట్టిండు. నేను కాలెక్కడ వెట్టాలె? పేరు లేనోళ్ళకు క్యాంపుల గది లేదట. చాల్ కూలగొట్టిననాడు మేం ఫుట్‌పాత్ మీద పండాల్నా?"

 ఆరో గదిలో సాయిలు, పాలమూరు నుంచి వచ్చినవాడు, పెళ్ళాంతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అందరూ మల్లవ్వ మొహం చూస్తున్నారు. నాలుగో గదిలో ఉయ్యాల కొక్కెం ఎక్కడ కొట్టాలో కూడా ఆమెనే అడిగేవాళ్ళు వీళ్ళు.

"ఆఫీసుకు పోదాం," అంది మల్లవ్వ.

ఆ సాయంత్రం మల్లవ్వ కొడుకు రాజలింగం పని నుంచి వచ్చాడు. బట్టల మిల్లుల సమ్మెలో తన మిల్లు మూతబడ్డాక దాదర్‌లో ఒక బట్టల దుకాణానికి కాపలా ఉంటున్నాడు. అతనికి నలుగురు పిల్లలు. పెద్దవాళ్ళిద్దరూ గ్యాలరీలో పడుకుంటారు. అతను కాగితం సంగతి ముందే విన్నాడు. తల్లి ముందు కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అవ్వా, కోపం జెయ్యకు. ఇది మనం జేసింది గాదు. వాళ్ళంతట వాళ్ళే రాసిండ్రు. కాయితం మీద మనొక్కలమే ఉన్నం. పెద్ద కుటుంబం, ఆరు గదుల జాగా. అడిగితే రెండు గదులన్న ఇస్తరని మా సేటు చెప్పిండు."

"మిగిలినోళ్ళు?"

"సాయిలుకు ఊళ్ళె భూమున్నది. ముత్తమ్మ కొడుకు కార్ఖానా పెడ్తనంటున్నడు. నాకేమున్నది? మిల్లు వొయ్యింది. బాపు పేరొక్కటి మిగిలింది. దాన్ని గూడ పంచుమంటవా?"

మల్లవ్వ కొడుకు మొహంలోకి చూసింది. అతను అబద్ధం చెప్పడం లేదు. పిల్లలు గ్యాలరీలో వానకు తడిసి ముడుచుకుని పడుకున్న రాత్రులు ఆమెకూ తెలుసు.

"రేపు నువ్వు గూడ రా," అంది. "నువ్వు లేకుంట పోయిన్నని అనొద్దు."

బోర్డు ఆఫీసులో బల్ల వెనక సర్వేకు వచ్చిన మనిషే ఉన్నాడు. ముత్తమ్మ గుర్తుపట్టి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మల్లవ్వ, రాజలింగం, మంగళ, ముత్తమ్మ నలుగురూ బల్ల ముందు నిలబడ్డారు. ఆయన కుర్చీలు చూపించినా మల్లవ్వ కూర్చోలేదు. మంగళ మరాఠీలో సంగతంతా చెప్పింది. ఆయన కాగితం తీసి చూసుకుని ముత్తమ్మ వైపు తిరిగాడు.

"బాయీ, నేను రెండుసార్లు అడిగాను. ఒకటే సంసారం, ఒకటే పొయ్యి అని మీరే చెప్పారు."

ముత్తమ్మ కొంగు తీయకుండానే బొంబాయి హిందీలో అంది. "పగటి పూట మగోడు మెట్లెక్కొచ్చి, ఈ గదిల ఎందరాడోళ్ళు అంటే ఇంకేం చెప్తం సాబ్? నువ్వే చెప్పు, మీ ఇంట్ల ఆడోళ్ళేం చెప్తరు?"

ఆయన కాగితం మీదికి తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు అర్థమైంది," అన్నాడు. "కానీ అర్థమైంది రాయడానికి ఇక్కడ జాగా లేదు. ఆ ఐదు సంసారాలకు మీకు ఏ సంబంధమో రాయాలి. మీ కుటుంబమే అయితే ఇప్పుడు రాసిందే ఖాయం. కాకపోతే ఒకటే దారి. మీ దగ్గర కిరాయికి ఉన్నవాళ్ళు. మరాఠీలో పోట్‌భాడేకరూ అంటాం."

"అంటే పొట్టల కిరాయిదార్లా?" అంది ముత్తమ్మ కొంగు చాటు నుంచి, హిందీలోనే. మరాఠీలో పోట్ అంటే పొట్టే. "మా అక్క పొట్టల ఐదు సంసారాలు పట్టినయి మరి!"

మంగళకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆఫీసరు కూడా పెదవి కొరుక్కున్నాడు.

"మూడో మాట లేదా సాబ్?" అంది మల్లవ్వ వచ్చీరాని మరాఠీలో. "కుటుంబమూ గాదు, కిరాయిదార్లూ గాదు. ముఠా."

"ముఠా అని రాస్తే పైవాళ్ళు వెనక్కి పంపుతారు."

"ఇరవై మందిని మేస్త్రి ఒక్క పేరు మీద పనికి తీసుకున్నది మీ సర్కారే. అప్పుడు చెల్లింది. ఇప్పుడు చెల్లదా?"

 కిటికీలోంచి బస్సుల మోత వస్తోంది. మల్లవ్వ కొంచెం ముందుకు వంగింది.

"రెండో మాట, కిరాయిదార్లని రాస్తే ఏమైతది?"

ఆయన నిదానంగా చెప్పాడు. అప్పుడు బోర్డు మనిషి మళ్ళీ వస్తాడు. గదిగదికీ వేరే పొయ్యి, వేరే రేషన్‌కార్డు చూస్తాడు. ఉన్నది నిజమైతే ఆ ఐదు సంసారాలకు ఐదు పేర్లు ఎక్కుతాయి. అయితే మాలిక్ ఊరుకోడు. తనను అడగకుండా గదులు వేరేవాళ్ళకు కిరాయికిచ్చారు గనుక బక్కయ్య హక్కు చెల్లదని కోర్టుకు పోతాడు. అది తేలేదాకా మల్లవ్వ గది సంగతి ఆగిపోతుంది. తేలడానికి ఏళ్ళు పట్టొచ్చు. తేలినా ఏమవుతుందో ఆయన చెప్పలేడు.

"మేస్త్రి పేరు కొట్టేస్తరు," అంది మల్లవ్వ.

"కొట్టేయరు. కోర్టు తేల్చేదాకా మీ గది మాత్రం ఆపుతారు."

"ఇంకొకటి చెప్పు. ఆ కాయితం చదివేటోనికి నేనెట్ల కనపడ్త?"

"ఎలా అంటే?"

"కిరాయి తిన్నదాని లెక్క కనపడ్తనా?"

"తిన్నారా లేదా అని మేం అడగం బాయీ. గదులిచ్చి కిరాయి తీసుకున్నారా అనే అడుగుతాం."

"చదివేటోడు మాత్రం తిన్నదనే అనుకుంటడు."

ఆయన కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "అనుకోవచ్చు," అన్నాడు.

ముత్తమ్మ కొంగు జారిపోయింది. తెలుగులో అరిచినట్టే అంది. "వద్దక్కా! ఆ మాట నీ మీద వద్దు. మా పెద్దయ్యకు ఊళ్ళె ఇంత కొట్టమున్నది, ఆడికి వోతం. బాలయ్యగాడు ఒక్కసారి అంటేనే ఏడాది అన్నం సక్కగ తినలేవు నువ్వు. ఇప్పుడు నువ్వే చెప్పుకుంటవా, సర్కారు ముందల?"

"అవ్వా, పోదాం పా," అన్నాడు రాజలింగం. ఆమె మోచేయి పట్టుకున్నాడు. "ఇంటికాడ మాట్లాడుకుందాం. నెల గడువున్నది. నా పిల్లల మొఖం జూడు."

"జూస్తనే ఉన్న."

"కోర్టు తేలకుంటే మనమెక్కడ పోవాలె? చెప్పు. నీకేమన్నైతే నేనెవల్నడగాలె?"

"నన్నడుగు. నేనింక చావలే."

రాజలింగం చేయి వదిలేశాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మల్లవ్వ మంగళ వైపు చూసింది. గ్యాలరీలో నోటికొచ్చినట్టు మాట్లాడిన మంగళ ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని తల వంచుకుంది.

"ఏందే, ఇప్పుడు నోరు లేవదేం?" అంది మల్లవ్వ.

"నేనడగను మేస్త్రమ్మా," అంది మంగళ. "నీ మీద మాట వేసుకొమ్మని నేనడగను. మా పేరు కోసం ఇంకేమన్న జేస్త. బోర్డు ముందల కూసుంట. చాల్ కూలగొట్టేటానికొస్తే గ్యాలరీల పండుకుంట. ఇది మాత్రం అడగను."

"నిన్నెవలు అడగమన్నరు?"

ఆఫీసరుకు తెలుగు రాదు. అయినా ఏదో తగువు నడుస్తోందని గ్రహించి గొంతు సవరించుకున్నాడు.

"ఈ రోజే చెప్పనక్కర్లేదు. ఆలోచించుకుని వారం తర్వాత రండి. వకీలునెవర్నయినా అడగండి. ఒకసారి రాసి వేలిముద్ర వేశాక మార్చడానికి ఉండదు."

మల్లవ్వ అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. వేళ్ళ చివర్లకు అంటిన పొగాకు పొడిని కొంగుకు తుడుచుకుంది. మరాఠీలో, మూలనున్న గుమాస్తాలకు కూడా వినబడేలా చెప్పింది.

"ఇప్పుడే రాయి సాబ్. మల్లవ్వ, బక్కయ్య మేస్త్రి పెండ్లాం. ఐదు గదులు నేనే కిరాయికిచ్చిన. మాలిక్‌ను అడగలే. ఎవల్నీ అడగలే."